కనిపించని జీవుల గురించి నీళ్ల మేడమ్ చెప్పిన మాట

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిదవ సంవత్సరం ఆగస్టు ఏడవ తేదీ ఉదయం, మన సముద్ర పరిశోధన సంస్థ సూక్ష్మజీవ విభాగంలో కనిష్ఠ శాస్త్రవేత్తగా చేరేందుకు వచ్చి గుమ్మంలో నిలబడిన ఒక యువతిని, నాటి విభాగాధిపతి కాగితాల మీదినుంచి తల ఎత్తకుండానే "నీళ్లు తెచ్చావా?" అని అడిగారు. రోజూ తాగునీరు తెచ్చే మనిషి వచ్చిందనుకున్నారాయన. ఆమె ఏమాత్రం తడబడకుండా, "ఏ నీళ్లండీ? ఒడ్డు దగ్గరివా, లోపలివా?" అని తిరిగి అడిగారు. గదిలో ఉన్నవారంతా నవ్వారు. ఆ పూటనుంచి ఆమె మనకందరికీ నీళ్ల మేడమ్. ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న వారి అసలు పేరు జీతపు పట్టీలో తప్ప ఎక్కడా వినబడిన గుర్తు ఎవరికీ లేదు.

చిన్నతనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకున్న ఆమెను అక్కయ్య, బావగారు తమ సొంత బిడ్డలా సాకి, చదివించి, ఇంతవారిని చేశారు. బావగారు రేవు నిర్మాణ శాఖలో ఇంజనీరు. గంభీరమైన విగ్రహం, గట్టి గొంతు, ఇంట్లో మాత్రం ఎడతెగని హాస్యం. మరదలు సముద్రపు బాక్టీరియా మీద పరిశోధనకు చేరిందని తెలిసిన రోజున ఆయన వీధి వీధంతా మిఠాయి పంచి, "మా మరదలు పురుగుల డాక్టరైంది, ఎవరికైనా పురుగులుంటే తీసుకురండి" అని చాటారట. ఆ ఎగతాళి వెనుక ఎంత గర్వం ఉండేదో ఆమెకు తెలుసు. తెలుసు గనుకనే తర్వాత జరిగినది ఆమెకు అంత లోతుగా దిగింది.

మేడమీద వెనకవైపు గది ఆమెకు కేటాయించారు. కొళాయి తిప్పితే ముందు తుప్పు, ఆ తర్వాత నీళ్లు వచ్చే గది. కిటికీకి నల్లగుడ్డ కట్టి, సూక్ష్మదర్శిని కింద రంగు వేసిన సముద్రపు నీటి చుక్కను పెట్టి, నీలికాంతిలో మొదటిసారి చూసినప్పుడు, చీకటి నేల మీద ఎవరో మెరిసే ఆవాలు చల్లినట్టు కనిపించిందని ఆమె చెప్పేవారు. ఆ ఆవాలను లెక్కించడం, అవి ఎంత వేగంగా పెరుగుతున్నాయో కొలవడం, దేన్ని తిని పెరుగుతున్నాయో కనిపెట్టడం, ఇదే ఆమె జీవితకాలపు కృషి. అంతవరకూ మన తీరపు లెక్కలన్నీ చలిదేశాల సముద్రాలనుంచి అరువు తెచ్చుకున్నవే. అక్కడ బాక్టీరియా పెరుగుదలకు చలి కళ్లెం వేస్తుంది. మన ఉష్ణమండల తీరంలో నీరు ఏడాది పొడవునా వెచ్చగానే ఉంటుంది గనుక ఇక్కడ వాటిని అదుపు చేసేది ఆకలి ఒక్కటేనని ఆమె ఏళ్ల తరబడి కొలిచి నిరూపించారు. చచ్చిన నాచు, కుళ్లిన ఆకు, ఊరి మురుగు, ఇవి కరిగి నీటిలో కలిసిన సేంద్రియ పదార్థమే వాటి తిండి. అది దొరికిన వెంటనే అవి విపరీతంగా పెరుగుతాయి. తిన్నదానిలో కొద్ది భాగంతో ఒళ్లు పెంచుకుని, మిగతాదంతా ఊపిరికే ఖర్చు చేస్తాయి. ఆ ఊపిరికి కావలసిన ప్రాణవాయువును చేపలు బతికే ఆ నీటినుంచే లాక్కుంటాయి. ఈ సత్యాన్ని లోకానికి చాటిన పరిశోధనా వ్యాసంలో ఆమె పేరు మూడవది. మొదటి రెండు పేర్ల పెద్దమనుషులు నమూనాల నీరు తెచ్చే పడవ ఒక్కసారైనా ఎక్కినట్టు, దాన్ని నడిపే మన సరంగుకు జ్ఞాపకం లేదు.

ఆ రోజుల ముచ్చట ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. ప్రయోగశాలలో కరెంటు పోతే నమూనాలు పాడవుతాయని ఆమె సముద్రపు నీటి సీసాలను ఇంటికి తెచ్చి అక్కయ్య ఫ్రిజ్‌లో దాచేవారు. ఒక మండుటెండ మధ్యాహ్నం బావగారు రేవునుంచి వచ్చి, చేతికందిన సీసా ఎత్తి గటగటా తాగి, కక్కలేక మింగలేక నడవలో గంతులు వేశారు.

"ఏమేవ్! మీ చెల్లెలు సముద్రాన్ని తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టింది! నన్ను ఉప్పులో ఊరబెడదామనా?"

అక్కయ్య వంటింట్లోనుంచి నవ్వుతూ వచ్చింది. నీళ్ల మేడమ్ ఖాళీ అయిన సీసా చూసి గుడ్లనీరు కుక్కుకున్నారు. "వారం రోజుల కష్టం, బావగారూ."

"నీ కష్టం సరే, ఇప్పుడు నా కడుపులో ఎన్ని పురుగులున్నట్టు?"

"చెంచాకి యాభై లక్షలు. మీరు తాగింది ఎన్ని చెంచాలో మీరే చూసుకోండి."

"అయితే ఇవాళ్టినుంచి నేను ఒక్కణ్ణి కాదన్నమాట. ఒసేయ్, అన్నం ఎక్కువ వండు!" అన్నారాయన. ఆ ఏడాదంతా ఆ ఇంట్లో ఎవరొచ్చినా ఆ కథ చెప్పకుండా పంపలేదు.

ఇటువంటి ఇంటిని రెండుగా చీల్చింది ఒక రాతిగోడ.

మన సంస్థకు దక్షిణాన ఉన్న చిన్న అఖాతం సంగతి ఈ సంచిక చదివేవారందరికీ తెలుసు. దాని ముఖద్వారం వద్ద అలల తాకిడికి ఏటా వేట పడవలు తిరగబడేవి. ఒక తుపాను రోజుల్లో తండ్రీకొడుకులు ఒకే పడవలో పోయారు. ఆ శవాలను ఒడ్డుకు చేర్చినప్పుడు బావగారు అక్కడే ఉన్నారు. "ఒడ్డున నిలబడి శవాలు లెక్కపెట్టే ఉద్యోగం నాకొద్దు" అని ఆయన ఆ రాత్రి అన్నం ముట్టలేదు. ముఖద్వారానికి అడ్డంగా, ఒక పక్క పడవలు వెళ్లే ఇరుకు దారి మాత్రం వదిలి, అలలను ఆపే గోడ కట్టాలన్న ప్రతిపాదన ఆయనదే. దానికోసం ఆయన పై అధికారుల చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరగదీశారు. ఆ గోడ వెనుక స్వార్థం లేదు. ఆ మాట నీళ్ల మేడమ్ అప్పుడూ చెప్పారు, ఇప్పుడూ చెబుతారు.

అయితే ఆమె అప్పటికే సరంగును వెంటబెట్టుకుని ఆ అఖాతంలో నీరు కొలుస్తున్నారు. ఊరి మురుగుకాలువ అందులోకే వస్తుంది. చేపలు శుభ్రం చేసే షెడ్ల కడుగునీళ్లూ అందులోకే. అంత తిండి పడుతున్నా నీరు బతికే ఉండటానికి కారణం ఆ అలలే, ఆ ఆటుపోట్లే. వాటిని ఆపితే ఏమవుతుందో ఆమెకు అంకెలు చెప్పాయి. భోజనాల వేళ ఆమె బావగారి ముందు కంచం పక్కకు జరిపి, వేలితో బల్లమీద గోడను గీశారు.

"గోడకి ఈ చివర ఒక సందు వదలండి, బావగారూ. పడవలకి కాదు, నీళ్లకి."

"సందు వదిలితే అలలొస్తాయి. అలలొస్తే ఇంక గోడెందుకు?"

"అల సగం విరిగి వస్తుంది. కానీ నీళ్లు మారతాయి. మారకపోతే మురుగంతా అక్కడే మగ్గుతుంది. దాన్ని తిని అవి పెరుగుతాయి. ఎండాకాలం చివర్లో నీళ్లలో గాలన్నది మిగలదు. చేపలు చస్తాయి."

"అవంటే, నేను తాగినవేనా?"

"అవే."

"నాకేం కాలేదుగా!"

అక్కయ్య నవ్వింది. నీళ్ల మేడమ్ కూడా నవ్వాపుకోలేకపోయారు. ఆ ముగ్గురూ కలిసి నవ్వడం అదే ఆఖరు.

గోడ విషయమై ప్రజాభిప్రాయం వినేందుకు సభ ఏర్పాటైంది. మన సంస్థ తరఫున మాట్లాడవలసింది ఆమె. ముందురోజు నాటి సంచాలకులు ఆమెను తమ గదికి పిలిపించి, కుర్చీ వేయించి, టీ తెప్పించి, ఎంతో ఆప్యాయంగా సలహా ఇచ్చారు. "మేడమ్, 'ఇంకా అధ్యయనం అవసరం' అనండి చాలు. అబద్ధమూ కాదు, ఎవరికీ నొప్పీ ఉండదు." ఆమె టీ తాగి, దండం పెట్టి వచ్చేశారు. సభలో మాత్రం తనకు తెలిసినది తెలిసినట్టు చెప్పారు. గోడ కట్టండి, సందు వదలండి, వదలకపోతే రెండు మూడు వేసవుల్లో ఈ నీరు ఊపిరాడక చస్తుంది అన్నారు.

అధ్యక్ష స్థానంలో ఉన్న పెద్దమనిషి ముందుకు వంగారు. "మీరు చెప్పే ఈ జీవులు కంటికి కనిపిస్తాయా, అమ్మా?"

"కనిపించవండీ."

"మునిగిపోయిన మనుషులు మాత్రం అందరికీ కనిపించారు."

సభ చప్పట్లతో దద్దరిల్లింది. ఎదుటి వరసలో కూర్చున్న బావగారు చప్పట్లు కొట్టలేదు. ఆమెవైపు చూడనూ లేదు. చప్పట్లు ఆగాక సంచాలకులు లేచి, అవి ఆ శాస్త్రవేత్త సొంత అభిప్రాయాలనీ, సంస్థ దృష్టిలో ఇంకా అధ్యయనం అవసరమనీ, ఎవరికీ నొప్పి కలగకుండా సెలవిచ్చారు.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లేసరికి బావగారు వీధివరండాలో నిలబడే ఉన్నారు.

"ఇంట్లో చెప్పావు. కుదరదన్నాను. అక్కడితో ఆగొచ్చుగా?"

"మీరు కుదరదన్నారని నీళ్లు ఆగవు కదా, బావగారూ."

"నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిన పిల్లవి. ఇవాళ పదిమందిలో నాకెదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నావు. బాగుంది."

అక్కయ్య "ఊరుకోండి, చిన్నది" అని అడ్డం వచ్చింది. "చిన్నది కాదు, చాలా పెద్దదైపోయింది" అని ఆయన లోపలికి వెళ్లిపోయారు. నీళ్ల మేడమ్ ఆ నెలలోనే అద్దె గది చూసుకున్నారు.

గోడ సందు లేకుండా లేచింది. తర్వాతి తుపాను రోజుల్లో ఒక్క పడవ కూడా తిరగబడలేదు. ఆ వార్త విన్నప్పుడు ఆమె మనస్ఫూర్తిగా సంతోషించారని, పళ్లు కొని అక్కయ్య ఇంటిదాకా వెళ్లి, వీధి మలుపులో చాలాసేపు నిలబడి వెనక్కి వచ్చేశారని సరంగు చెప్పగా తెలిసింది. సంస్థ కూడా ఆమె సేవలను మరువలేదు. ప్రయోగశాలనుంచి తప్పించి, సందర్శకులకు రంగుచేపలు చూపించే గదికి అధికారిణిని చేసింది. ఉష్ణమండల జలాల్లో బాక్టీరియా జీవనం గురించి మనదేశంలో అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషి, గాజుతొట్టెలమీద వేళ్లతో కొట్టవద్దని బడిపిల్లలను బతిమాలుతూ కొన్నేళ్లు గడిపారు. పదోన్నతి రెండుసార్లు ఆమె గుమ్మందాకా వచ్చి పక్కగదిలోకి వెళ్లిపోయింది. సందర్శకులు వెళ్లిపోయాక, సొంత సెలవు రోజుల్లో, ఆమె అఖాతం నీరు తెచ్చి చూస్తూనే ఉన్నారు. ఏటికేడు ఆ మెరిసే ఆవాలు చిక్కబడుతున్నాయి. చెప్పడానికి వెళితే "ఇంకా అధ్యయనం చేయండి" అన్నారు.

మూడవ వేసవి చివర, మొదటి వాన ఊరి కాలువలన్నిటినీ కడిగి అఖాతంలో పోసింది. ఆ తర్వాత గాలి లేదు. తెల్లవారేసరికి చేపలు నీటిమీదికి తలలెత్తి నోళ్లు తెరుస్తున్నాయి. ఎండెక్కేసరికి ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుదాకా తెల్లని పొట్టలు తప్ప నీరు కనబడలేదు. చేపలమ్మే ఆడవాళ్లు ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకుని ఒడ్డున కూలబడ్డారు. అంతవరకూ ఆమె ఫోను ఎత్తని సంచాలకులు స్వయంగా కారు పంపించారు.

ఆమె నీటి అంచున వంగి సీసా ముంచుతుండగా ఒకావిడ వచ్చి అడిగింది. "ఇదంతా నీకు ముందే తెలుసంట గదా, అమ్మా?"

"తెలుసు."

"తెలిసి ఏం చేశావు?"

ఆమె సీసాకు మూత బిగించారు. సభలో అన్న మాటలు అక్కడ, ఆ వాసనలో, నోటికి రాలేదట.

మధ్యాహ్నానికల్లా జనం కోపం దారి వెతుక్కుంది. కుళ్లిన చేపల గంపలు తెచ్చి ఇంజనీరుగారి గుమ్మంలో కుమ్మరించారు. కబురు తెలిసి నీళ్ల మేడమ్ పరుగున వెళ్లారు. అక్కయ్య గడపలో కూర్చుని, చీర పైకి దోపుకుని, చేపలను చేతులతో ఎత్తి బకెట్లో వేస్తోంది. చెల్లెల్ని చూసి లేవలేదు.

"నీ మాట నిజమైంది. సంతోషమేనా?"

"అక్కా..."

"పోనీ, కొన్ని చేపలు తీసుకెళ్లు. నీ సీసాల్లో వేసుకో."

నీళ్ల మేడమ్ చీపురందుకుని గుమ్మం కడిగారు. లోపల కుర్చీలో బావగారు గోడకేసి చూస్తూ కూర్చున్నారు. ఆమె బకెట్ దించి గుమ్మంలో నిలబడితే, తనలో తాను అనుకుంటున్నట్టు, "ఆ గోడ కట్టాక ఒక్క మనిషి చావలేదు. ఆ మాట ఎవడూ అనడు" అన్నారు.

"నేనంటాను, బావగారూ."

ఆయన ముఖం తిప్పుకున్నారు.

చేపల చావుమీద వేసిన విచారణ సంఘం ఎదుట ఆమె ఆ మాట అన్నారు కూడా. గోడ ప్రాణాలు కాపాడిందన్నారు. సందు లేకపోవడం వల్ల నీరు చచ్చిందన్నారు. తన హెచ్చరికను తన సంస్థే పక్కకు తోసిందన్నారు. సంఘ సభ్యులకు తల తిరిగింది. "ఇంజనీరును తప్పు పడుతున్నారు, ఆయన్నే సమర్థిస్తున్నారు. అసలు మీ ఉద్దేశమేమిటి?"

"గోడా ఉండాలి, సందూ ఉండాలి. మొదటినుంచీ చెబుతున్నది అదేనండీ."

అంత తేలికైన మాట ఏ పక్షానికీ పనికిరాలేదు. ఊరు ఆమెను ఇంజనీరు చుట్టమంది. ఇంజనీర్లు ఆమెను ఇంటిగుట్టు బయటపెట్టినదన్నారు. ఇంకా అధ్యయనం అవసరమని ఆనాడే ప్రకటించిన మన సంస్థ నిర్దోషిగా తేలింది. తప్పంతా బావగారిదైంది. ఆయనను గడువుకు ముందే ఇంటికి పంపారు. వీడ్కోలు సభ లేదు, పూలదండ లేదు, ఇటువంటి ప్రత్యేక సంచిక అసలే లేదు.

ఆ తర్వాత గోడకు ఆమె చెప్పిన చోటే సందు కొట్టారు. ఒక వానాకాలం తిరిగేసరికి నీరు తేరుకుంది. ఆమెను తిరిగి ప్రయోగశాలకు పిలిచి, బాక్టీరియా తగ్గుముఖం పట్టిందని కొలిపించి, ఆ అంకెలతో అఖాత పునరుద్ధరణకు గాను సంస్థ పెద్ద పురస్కారం అందుకుంది. ఆ వేదికమీద సంచాలకులు, మేము మొదటినుంచీ హెచ్చరిస్తూనే ఉన్నామని గద్గద స్వరంతో చెప్పారు. వెనక వరసలో కూర్చున్న నీళ్ల మేడమ్ కూడా చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టారని పక్కవారు అడిగితే, "చప్పట్ల చప్పుడులో ఆయన మాటలు వినబడవు కదా" అన్నారట. ముప్ఫై ఏళ్లు దాటిన కొలువులో ఆమె నోట వచ్చిన పరుషవాక్యం బహుశా అదొక్కటే.

ఆదివారాలు ఆమె అక్కయ్య ఇంటికి వెళ్లడం మానలేదు. ఆమె గుమ్మంలో అడుగు పెడితే బావగారు లేచి లోపలి గదిలోకి వెళ్లేవారు. అక్కాచెల్లెళ్లు మోకాళ్ల నొప్పులు, వీధి కొళాయి, పక్కింటివాళ్ల గొడవ, అన్నీ మాట్లాడుకునేవారు. ఆ ఒక్కటీ తప్ప. మూడేళ్ల క్రితం ఆయనకు ఒంట్లో బాగా లేక ఆసుపత్రిలో చేర్చినప్పుడు కూడా ఆమె వెళ్లి మంచం కాళ్లవైపు నిలబడ్డారు. ఆయన కళ్లు తెరిచి, ఆమెను చూసి, తల అక్కయ్యవైపు తిప్పారు.

"అఖాతంలో నీళ్లెలా ఉన్నాయో దాన్నడుగు."

అక్కయ్య చెల్లెలివైపు చూసింది. నీళ్ల మేడమ్ అక్కయ్యకే చెప్పారు. "బాగున్నాయని చెప్పక్కా. సందువైపు చేపపిల్లలు కూడా వస్తున్నాయని చెప్పు."

"బాగున్నాయటండీ" అంది అక్కయ్య.

రెండు బారల దూరంలో ఉన్న ఇద్దరి మధ్య మాట అలా చుట్టు తిరిగి వెళ్లింది. మర్నాడు ఆయన పోయారు. అక్కయ్య ఆ రోజంతా చెల్లెలి పక్కనే కూర్చుంది. ఏడుస్తూ ఆనుకోవడానికి మాత్రం అవతలి పక్కనున్న తోటికోడలి భుజం వెతుక్కుంది.

ఈ సంచికలో ఈ సంగతులు రాయవచ్చునా అని సంపాదకవర్గం తరఫున అడిగినప్పుడు, ఆమె సూక్ష్మదర్శినికి గుడ్డ కప్పారు. "రాయండి. కానీ నా మాట నిజమైందని మాత్రం పొగడకండి. నిజం కాకూడదనే కదా చెప్పింది" అన్నారు. వారి ఆజ్ఞ శిరోధార్యం. కనుక పొగడ్తలు మాని, జరిగినది జరిగినట్టు మాత్రమే నివేదించాం. వారి గదిని నవీకరించి సమావేశ మందిరంగా మార్చనున్నట్టు నేటి సంచాలకులు తమ సందేశంలో సగర్వంగా పేర్కొన్నారు. బాక్టీరియా లెక్కింపు ఇకమీదట ఎవరు చూస్తారన్నది ఇంకా అధ్యయనంలో ఉంది.

పదవీ విరమణానంతర జీవితంలో వారికి మంచి ఆరోగ్యం, నిండైన నిద్ర, అక్కయ్యతో మనసువిప్పి మాట్లాడుకునే తీరిక లభించాలని సహోద్యోగులమందరం ఆకాంక్షిస్తున్నాం. ఈ సంస్థ వారికి చెప్పవలసిన క్షమాపణ ఒకటి బాకీ ఉంది. అది వారు బతికుండగా, వారి చెవిన పడాలి. ఇక్కడి పనులు సాగే వేగం ఎరిగినవారం గనుక, వారికి నిండు నూరేళ్లకు తక్కువ ఆయుష్షు కోరడానికి మాకు ధైర్యం చాలడం లేదు.